పైకి మొరిగే కుక్క

గుండుసూది వాళ్ళమ్మ గొంతు పెంచి ఎరగదు. ఇది ఆవిడ చెప్పుకునే గొప్ప కాదు, వీధి వీధంతా చెప్పుకునే మాట. పాలవాడి దగ్గర్నించి పోస్టుమాన్ దాకా ఎవర్నడిగినా, "చిటికెల టీచరా? ఆవిడ మాట పక్కన కూచున్నవాళ్ళకే సరిగ్గా వినబడదు" అనేవాళ్ళు.

ఆవిడ నడిపేది బడే గాని, పిల్లల బడి కాదు. జంతువుల బడి. ఇంటి ముందు గదిలో సోఫాలూ బల్లలూ తీసి అవతల పారేసి, నేలంతా రబ్బరు చాప పరిచి, గోడకి వరసగా కొక్కేలు కొట్టించింది. కొక్కేలకి పట్టీలు, గొలుసులు. కిటికీ గట్టు మీద రేకు డబ్బా, అందులో బిస్కెట్ ముక్కలు. చెప్పులు కొరికే కుక్కలు, పరదాలు పీకే పిల్లులు, గుమ్మంలోకొచ్చిన చుట్టాన్నల్లా పొడిచే బాతులు, ఏ ఇంట్లో ఏ జంతువు ఏ చెడ్డ అలవాటుతో చంపుకు తింటున్నా ఆఖరికి ఈ గదికే చేరేది. కొట్టడం లేదు, తిట్టడం లేదు. అమ్మ చాప మీద బాసింపట్టు వేసుకుని ఊరికే చూస్తూ కూచునేది. అరిచే కుక్క ఊపిరి తీసుకోడానికి ఒక్క క్షణం ఆగిందా, టక్కున చిటికె, నోట్లో బిస్కెట్. ఆగితే బిస్కెట్ వస్తుందని ఎంత మొద్దు బుర్రకైనా ఎక్కుతుంది కదా. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ కుక్క అరవడమన్న మాటే మర్చిపోయేది.

సిటీ బస్సు నడిపే నాన్నకి ఒకప్పుడు హారన్ కొట్టే పిచ్చి ఉండేదనీ, అది కూడా అమ్మ ఇలాగే మాన్పించిందనీ చుట్టాల్లో ఒక పుకారు. నాన్న ఒప్పుకోడు. కాని బిస్కెట్ చూస్తే ఆయన మొహం అదోలా అయిపోయే మాట మాత్రం నిజం.

ఇక గుండుసూది సంగతి. సన్నగా, పొట్టిగా, తల మాత్రం గుండ్రంగా ఉంటుందని నాన్న పెట్టిన ముద్దుపేరది. బళ్ళో వేరే పేరుంది గాని దాంతో మనకి పనిలేదు. ఆ పిల్లకి ఒక బాధ ఉంది. నవ్వకుండా వినాలి మరి. అమ్మ తనని ఒక్కసారి కూడా తిట్టలేదని బాధ.

పక్కింటి పిల్ల ఆటల నుంచి ఆలస్యంగా వస్తే వాళ్ళమ్మ గుమ్మంలోనే పట్టుకునేది. "ఎక్కడ ఊరేగుతున్నావే ఇంతసేపు? నా ప్రాణం తియ్యడానికే పుట్టావా?" అని నాలుగిళ్ళకి వినబడేట్టు దులిపేసి, ఆ వెంటనే అదే చేత్తో మొహం తుడిచి లోపలికి లాక్కెళ్ళేది. గుండుసూది గోడ ఇవతల నుంచుని ఇదంతా లొట్టలేస్తూ చూసేది.

తనూ ఆలస్యంగా వచ్చి చూసింది. అమ్మ "వచ్చావా" అని ఊరుకుంది. ఒకసారి కావాలనే గాజు జాడీ కింద పడేసింది. అమ్మ చీపురు తెచ్చి చడీచప్పుడు లేకుండా ముక్కలన్నీ ఎత్తేసింది. ఎత్తేసి, బిక్కమొహం వేసుకుని కదలకుండా నుంచున్న కూతుర్ని చూసి, ఏం చేసిందనుకున్నారు? చిటికె వేసింది. బిస్కెట్ ఇచ్చింది.

ఆ బిస్కెట్ పట్టుకుని గుండుసూది పెరట్లోకి పోయి ఏడ్చింది. అమ్మకి తనూ ఒకటే, చెప్పులు కొరికే కుక్కా ఒకటే. కోపం రావాలంటే ముందు కాస్తో కూస్తో పట్టింపు ఉండాలి కదా. రేపు తను కనబడకుండా పోయినా అమ్మ "వెళ్ళావా" అని ఊరుకుంటుందేమో. ఈ అనుమానం పంటి సందున పీచులా ఇరుక్కుని ఎంతకీ వదల్లేదు.

మనం చెప్పుకునే సాయంత్రం అమ్మ బడిలో పరీక్ష రోజు. ఆ పూట పరీక్షకి ముగ్గురొచ్చారు.

ఒకటి, రిటైరైన స్టేషన్ మాస్టరు గారి నల్ల కుక్క. పేరు బొగ్గు. రోజూ సరిగ్గా పొద్దు గూకే వేళకి డాబా ఎక్కి, ఉత్త ఆకాశంలోకి మెడ ఎత్తి గొంతు చించుకునేది. అక్కడ పిట్ట ఉండేది కాదు, విమానం ఉండేది కాదు. "ఉద్యోగమంతా రైలు కూతల మధ్య హాయిగా నిద్రపోయానమ్మా, వీడి పుణ్యమా అని ఇప్పుడు కునుకు లేదు" అని ఆయన గోల. రెండోది టైలరమ్మ పిల్లి. బల్ల మీద కత్తెర కనబడితే కత్తెర, కప్పు కనబడితే కప్పు, పంజాతో అంచుదాకా నెట్టి కింద పడేసేది. పడ్డాక వంగి శ్రద్ధగా చూసి మరీ వెళ్ళిపోయేది. మూడోది బేకరీ ఆయన కోడి. టెన్నిస్ బంతి ఒకటి కింద పెట్టుకుని పొదిగేది, దగ్గరికొచ్చిన వాళ్ళని రక్తం వచ్చేట్టు పొడిచేది.

ముగ్గురికీ అలవాట్లు వదిలిపోయాయి. అమ్మ చెయ్యి పడితే వదలక చస్తాయా. కుక్క అలవాటు డాబా మీదిది కాబట్టి పరీక్ష కూడా డాబా మీదే పెట్టింది. నీళ్ళ ట్యాంకు, టీవీ యాంటెనా, తాడు మీద ఆరేసిన దుప్పట్లు, మోకాలెత్తు పిట్టగోడ. స్టేషన్ మాస్టరు గారు చేతులు కట్టుకుని ఒక పక్క నుంచున్నారు.

పొద్దు గూకింది. బొగ్గు మెడ ఎత్తింది. నోరు తెరిచింది. అమ్మ దాని వంక చూసింది. బొగ్గు నోరు మూసుకుని బుద్ధిగా కూచుంది. చిటికె, బిస్కెట్.

"ఇదేం మాయమ్మా," అన్నారు స్టేషన్ మాస్టరు గారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు ఒకటే తక్కువ.

"మాయ కాదండీ, ఓపిక. కిందికి రండి, టీ తాగుదురు గాని," అని అమ్మ ఆయన్ని తీసుకుని మెట్లు దిగింది. దిగుతూ, "సూదీ, వీళ్ళని చూస్తుండమ్మా" అంది. అది కూడా మామూలు గొంతే.

గుండుసూది పిట్టగోడ మీద కూచుని కాళ్ళు ఊపుకుంటోంది.

"పాపా, ఆ నీళ్ళ గిన్నె కాస్త ఇటు జరుపు. బిస్కెట్ గొంతుకి అడ్డం పడింది."

గుండుసూది దిగి గిన్నె జరిపింది. జరిపాక గాని, అడిగిందెవరా అన్న ఆలోచన రాలేదు. దుప్పట్ల వెనక చూసింది. ట్యాంకు వెనక చూసింది. మెట్ల మీదికి తొంగిచూసింది.

"వెతక్కు. నేనే," అన్నాడు బొగ్గు. మాట్లాడేవాణ్ణి పట్టుకుని అది, ఇది అనడానికి నాకు నోరు రాదు, ఇక్కణ్ణించి వాడనే అంటాను.

గుండుసూది ఉన్నచోటే చతికిలబడింది.

"మనుషుల ముందు నోరు విప్పకూడదని మాకు గట్టి కట్టుబాటు," అన్నాడు బొగ్గు, నీళ్ళు తాగి మూతి నాక్కుంటూ. "కాని మొరగడం ఎలాగూ పోయింది. కొంప మునుగుతుంటే ఎవరికో ఒకరికి చెప్పాలి కదా."

"ఎవరి కొంప?" అంది గుండుసూది.

"అందరిదీ. పైన ఇళ్ళు వెతుక్కునేవాళ్ళు తిరుగుతుంటారు. అద్దె ఇంటి కోసం మీరు తిరగరూ, అలాగే. పొద్దు గూకే వేళకి వచ్చి కిందికి చూస్తారు, ఎవరైనా ఉన్నారా, ఖాళీయా అని. కుక్క మొరిగితే, ఓహో ఇందులో ఎవరో ఉన్నారు అనుకుని పోతారు. మొరక్కపోతే ఖాళీ అన్నట్టే లెక్క. ఖాళీ ఇంట్లో దిగేటప్పుడు ఏం చేస్తారు? పాత చెత్త బయట పారేసి, కడిగి, సామాను దింపుకుంటారు."

"పాత చెత్తంటే?"

బొగ్గు ఆ పిల్ల వంక చూశాడు. ఆ చూపుకి గుండుసూది వీపంతా చల్లబడింది.

"వీధి నిండా కుక్కలున్నాయి కదా. అవి మొరగొచ్చుగా."

"అవి బళ్ళని చూసి మొరుగుతాయి, పిల్లుల్ని చూసి మొరుగుతాయి. అది సరదా. పైకి మొరగడం వేరే విద్య. ఈ ముక్క ఆకాశానికి మేం కొద్దిమందిమే ఉన్నాం. కళ్ళు ఎర్రబడ్డ ఆ కిరాణా కొట్టు కుక్కని గుర్తుందా? చెవి తెగిన దోబీ కుక్క? ఒక్కొక్కళ్ళనే మీ అమ్మ బాగుచేసింది. ఆఖరివాణ్ణి నేను. ఇప్పుడు నేను కూడా బాగుపడ్డాను."

అమ్మ ఎంత మెత్తగా, ఎంత ఓపిగ్గా, ఒక్క దెబ్బ వేయకుండా, భూమి తలుపులన్నీ ఒకటొకటిగా తెరిచి పెట్టేసింది.

"నన్నెవరూ అడగరేం?" అంది టైలరమ్మ పిల్లి, పిట్టగోడ మీద మూతి తుడుచుకుంటూ. గుండుసూది ఉలిక్కిపడి అటు తిరిగింది. ఇదీ మాట్లాడుతుందా అని ఆశ్చర్యపోవడానికి ఆ పిల్లలో ఇంక ఆశ్చర్యం మిగల్లేదు. "నేను కప్పులు తోసేది కొవ్వెక్కి అనుకుంటారు. భూమి పట్టు ఎలా ఉందో రోజూ ఎవరో ఒకరు చూసుకోవాలి. పడేసిన వస్తువు కింద పడితే పట్టున్నట్టు. ఇన్నాళ్ళ నుంచి చూసేవాళ్ళే లేరు. పట్టు ఉందో ఊడిందో దేవుడికెరుక."

గుండుసూది కోడి వైపు తిరిగింది. "మరి నువ్వు పొదిగే ఆ బంతి? దాంతో ఏం కాపాడుతున్నావు?"

"ఏమీ లేదు," అంది కోడి. "నాకు బంతంటే ఇష్టం. ప్రతిదానికీ కారణం ఉండాలా ఏం?"

అప్పుడే ఆకాశంలోంచి టేపు దిగింది.

టేపే. టైలరమ్మ మెళ్ళో వేలాడుతుందే, గీతలూ అంకెలూ ఉండే పచ్చటి టేపు, అలాంటిదే. కాకపోతే మబ్బులోంచి వేలాడుతోంది, వెడల్పు జానెడుంది. చప్పుడు లేకుండా జారుకుంటూ వచ్చి నీళ్ళ ట్యాంకుకి ఆనింది. ఒక్క క్షణం ఆగి, ట్యాంకు చుట్టూ తిరిగి, కొలిచి, వెనక్కి పోయింది. గుండుసూది రెండు చేతులతో తన నోరు తనే మూసుకుంది. పైనుంచి పెద్ద కుండలో నీళ్ళు మరిగినట్టు గుడగుడమని శబ్దం మొదలైంది.

"మొగుడూ పెళ్ళాలు," అన్నాడు బొగ్గు చెవులు రిక్కించి. "ఆవిడ వెలుతురు బాగుందంటోంది. ఆయన చెమ్మ ఎక్కువంటున్నాడు. నీళ్ళ సౌకర్యం బాగానే ఉన్నట్టుంది కదండీ అంటోంది. ఇంతకు ముందున్నవాళ్ళు సామానంతా వదిలేసి పోయారు చూడు, శుభ్రం లేని మనుషులు అంటున్నాడు."

టేపు వెనకే సుద్దముక్క దిగింది, గుండుసూది చెయ్యంత లావుది. ట్యాంకు మీద టిక్కు పెట్టింది. యాంటెనా మీద ఇంటూ పెట్టింది. తాడు మీది దుప్పట్ల దగ్గర ఆగి, కాసేపు గుడగుడలాడి, టిక్కు పెట్టింది.

"టిక్కు పెట్టినవి ఉంచుకుంటారు. ఇంటూ పెట్టినవి పారేస్తారు," అన్నాడు బొగ్గు. "దుప్పట్ల రంగు ఆవిడకి నచ్చిందట."

కోడికి టిక్కు పడింది. బంతికి కూడా టిక్కు పడింది. "నాకు ముందే తెలుసు," అంది కోడి. పిల్లికి పడింది. బొగ్గు దగ్గరికి వచ్చి సుద్దముక్క కాస్త ఆలోచించి ఇంటూ పెట్టేసింది. ముసలివాడయ్యాడన్నారట.

"మొరుగు," అంది గుండుసూది వాడి మెడ పట్టుకుని. "ఇప్పుడైనా మొరగవేం?"

బొగ్గు మెడ ఎత్తాడు. నోరు తెరిచాడు. తొడలు బిగించాడు. అంతలోనే వాడి కళ్ళు మెట్ల వైపు పోయాయి, తోక ఊగింది, వెనక కాళ్ళ మీద కూచుని ముందు కాలు చాచాడు. ఆ చాచిన కాలు చూసి గుండుసూదికి ఏడుపొచ్చింది.

"రావట్లేదు పాపా. చిటికె చెవిలోనే ఉంది. మీ అమ్మ చెయ్యి అలాంటిది."

గుండుసూది తనే మొరిగింది. ఉన్న ఊపిరంతా పెట్టి భౌమంది. పైన గుడగుడ ఆగింది. ఒక్క క్షణం గుండుసూదికి ప్రాణం లేచొచ్చింది.

"ఏమంటున్నారు?"

బొగ్గు తల వంచుకున్నాడు. "తలుపు కిర్రుమంటోంది, నూనె వెయ్యాలి అంటున్నారు."

సుద్దముక్క ఆ పిల్ల మీదికి వచ్చింది. చల్లగా, పొడిపొడిగా, భుజం మీంచి నడుము దాకా ఒక గీత, దాని మీద అడ్డంగా ఇంకో గీత. గుండుసూది తన గౌను వంక చూసుకుంది. ఇంత పెద్ద ఇంటూ. అప్పటిదాకా భయమేస్తోంది గాని అది ఎవరికో జరగబోయేదాని గురించిన భయంలాగే ఉంది. ఇప్పుడు తనే పాత చెత్త. టేపు కొస నెమ్మదిగా వంగి, ఆ పిల్ల నడుం చుట్టూ చుట్టుకుని బిగిసింది.

"అమ్మా," అని అరిచింది గుండుసూది.

మెట్ల మీద అడుగులు. ముందు స్టేషన్ మాస్టరు గారు టీ కప్పుతో వచ్చారు, వెనక అమ్మ. ఆయన పైకి చూసి, "ఈ కేబుల్ వాళ్ళకి బుద్ధి లేదు, ఎక్కడ పడితే అక్కడ వైర్లు వదిలేస్తారు" అంటుండగానే సుద్దముక్క వచ్చి ఆయన బట్టతల మీద నున్నగా ఇంటూ పెట్టి పోయింది. ఆయన కప్పు పట్టుకున్నట్టే కూలబడ్డారు.

అమ్మ కూతుర్ని చూసింది. నడుం చుట్టూ టేపు చూసింది. టేపు వెంట చూపు పైకి, ఇంకా పైకి, మబ్బు దాకా పోయింది. ఆవిడ మొహంలో రంగు లేదు. అయినా నెమ్మదిగా నాలుగడుగులు ముందుకు వేసింది, నిలబడింది, చూసింది. టేపు బిగించడం ఒక్క క్షణం ఆపింది.

అమ్మ చిటికె వేసింది. బిస్కెట్ ముక్క తీసి ఆకాశానికేసి చాచి పట్టుకుంది.

ఇప్పుడు కూడానా అమ్మా, అనుకుంది గుండుసూది. అయిపోయింది. తను పోతుంది, అమ్మ "వెళ్ళావా" అంటుంది, కిందికి పోయి చాప దులుపుకుంటుంది.

బిస్కెట్ ఎవరూ తీసుకోలేదు. టేపు మళ్ళీ కదిలింది. గుండుసూది మడమలు లేచాయి, తర్వాత వేళ్ళు లేచాయి. చెప్పు ఒకటి జారి కింద పడింది. (పడింది కాబట్టి పట్టు ఉన్నట్టే అని పిల్లి ఆ కంగారులో కూడా గమనించింది.) గాల్లోంచి కిందికి చూస్తే అమ్మ చెయ్యి ఇంకా చాచే ఉంది. మునివేళ్ళ మధ్య బిస్కెట్ నలిగి పొడై రాలిపోతోంది.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది.

"దింపు!"

ఆ ఒక్క మాటకి చుట్టుపక్కల డాబాల మీది కాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. టేపు ఠక్కున ఆగింది.

"దింపు నా పిల్లని. ఎవరే నువ్వు? ఎవడ్రా నీ పక్కనున్నది? మబ్బులో దాక్కుంటే కనబడరనుకున్నారా? చెప్పాపెట్టకుండా ఇంటి మీదికొచ్చి, కన్నపిల్ల నడుం పట్టుకు లాగుతారా? తలుపు కొట్టి రావాలన్న ఇంగితం లేదూ? మనుషులున్న కొంపో పాడుబడ్డ కొంపో ఆ మాత్రం తెలీదూ? కళ్ళు నెత్తికెక్కాయా, అసలు లేనే లేవా? ఆ పిల్ల ఒంటి మీద ఒక్క గీటు పడిందో, మీ టేపు మీ మెడకే చుట్టి ఉట్టి కట్టి వేలాడదీస్తాను, ఏమనుకుంటున్నారో!"

ఇన్నేళ్ళ నుంచి నోట్లో కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది మరి. గట్టు తెగితే నీళ్ళు ఆలోచించుకుని పారతాయా. కిటికీలు తెరుచుకున్నాయి, వీధిలో సైకిళ్ళు ఆగిపోయాయి. పక్కింటావిడ, తిట్టడంలో పేరుపడ్డ మనిషి, గరిటె పట్టుకుని గుమ్మంలోకొచ్చి నోరు వెళ్ళబెట్టి నుంచుంది.

అందరికన్నా ఎక్కువ అదిరిపోయింది బొగ్గు. అరవకూడదని నేర్పిన మనిషే అరుస్తోంది. వాడు అమ్మ మొహంలోకి చూశాడు, ఆ అరిచే నోటిలోకి చూశాడు. వాడి చెవిలో ఇంతకాలం మోగుతున్న చిటికె ఆ కేకలో ఎక్కడ కొట్టుకుపోయిందో, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మెడ ఎత్తాడు. మొరిగాడు. ముసలివాడన్న కోపం కూడా కలిపి మొరిగాడు. కిరాణా కొట్టు వైపు నుంచి ఒక కుక్క అందుకుంది. దోబీ ఇంటి వైపు నుంచి ఇంకోటి. బాగుపడ్డ కుక్కలన్నీ ఒక్కసారిగా చెడిపోయాయి.

టేపు వదిలేసింది. గుండుసూది దుప్పట్ల మీద పడి, దుప్పట్లతో సహా నేల మీద పడి, అందులో చుట్టుకుపోయింది. పైన గుడగుడలు గజిబిజిగా, గబగబా వినబడ్డాయి. టేపు సర్రున మబ్బులోకి చుట్టుకుపోయింది. సుద్దముక్క దారిలో ఒకసారి జారిపడి దొర్లింది, దాన్ని కూడా ఎవరో లాక్కున్నారు.

దుప్పట్లోకి ఒక నల్ల మూతి దూరింది. "ఇంటి ఓనరమ్మ ఉంది, ఓనరమ్మ ఉంది అనుకుంటూ పరిగెడుతున్నారు," అని గుసగుసగా చెప్పాడు బొగ్గు. "ఖాళీ అని చెప్పినందుకు ఆవిడ మొగుణ్ణి దులిపేస్తోంది. ఇక జన్మలో ఇటు రారు. అయినా రేపు మొరుగుతాననుకో, డ్యూటీ డ్యూటీయే." మళ్ళీ ఆ పిల్లతో వాడు మాట్లాడలేదు. కట్టుబాటు కట్టుబాటే కదా.

స్టేషన్ మాస్టరు గారు కూచున్నచోటి నుంచే, "అమ్మా, కుక్క మళ్ళీ మొరుగుతోంది" అన్నారు సన్నగా.

"మొరుగుతుంది. మొరగనివ్వండి. చెవుల్లో దూది పెట్టుకోండి," అంది అమ్మ. ఆయన వెంటనే తలూపారు.

అమ్మ దుప్పట్లు లాగి కూతుర్ని బయటికి తీసింది. చేతులు చూసింది, మోకాళ్ళు చూసింది, మెడ చుట్టూ తడిమింది. ఎక్కడా ఏమీ కాలేదని రూఢి చేసుకున్నాక మొదలుపెట్టింది.

"నీకెన్నిసార్లు చెప్పాలే పిట్టగోడ దగ్గర కూచోవద్దని? పైనుంచి తాడో టేపో ఏదో వేలాడుతుంటే చూస్తూ నుంచుంటావా? కిందికి పరిగెత్తుకు రావాలని తెలీదూ? బుర్ర ఎక్కడ పెట్టావే? నీకేమన్నా అయ్యుంటే నేనేమైపోవాలి? చెప్పు, నేనేమైపోవాలి?"

గుండుసూది కన్నార్పకుండా అమ్మ మొహంలోకి చూస్తోంది. ఇలాంటి మొహం అమ్మకుందని తనకి తెలీదు. ఎర్రగా, తడిగా, పెదాలు వణుకుతూ, ముక్కు కారుతూ.

"నీకు నా మీద కోపం రాదనుకున్నా," అంది.

"రాదా? ఆ జాడీ పగలగొట్టినప్పుడు ఎంత కోపమొచ్చిందో తెలుసా? గాజు ముక్క కాల్లో దిగుంటే? చీకటిపడ్డాక ఇంటికొచ్చిన రోజున గేటు దగ్గర ఎన్నిసార్లు తిరిగానో తెలుసా? ఒకసారి మొదలుపెడితే ఆగలేనని భయపడి నోరు కట్టుకుని కూచున్నానే. చూడు, ఆగుతోందా ఇప్పుడు?"

ఆగలేదు. మెట్లు దిగుతూ తిట్టింది. గౌను మీది సుద్ద దులుపుతూ తిట్టింది. ఒక చెప్పుతో తిరుగుతున్నందుకు తిట్టింది, అన్నం సరిగ్గా తిననందుకు తిట్టింది, ఎప్పుడో పోగొట్టుకొచ్చిన రబ్బర్లూ పెన్సిళ్ళూ కూడా ఏకరువు పెట్టింది. గొంతు బొంగురుపోయినా మానలేదు. గుండుసూది ఆవిడ కొంగు పట్టుకుని, ఆవిడ ఎటు తిరిగితే అటు తిరుగుతూ, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింది.

అప్పుడు గేటు చప్పుడైంది. డ్యూటీ దిగిన నాన్న బస్టాండు దగ్గర్నించే పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. ముందు గది గుమ్మం దగ్గరే ఆగిపోయి కూతుర్ని దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఎవరే లోపల?" అన్నాడు గొంతు తగ్గించి. "వీధి చివరికి వినబడుతోంది. ఎవరొచ్చారు మనింటికి? ఎవర్ని పట్టుకుని అలా అరుస్తున్నారు?"

గుండుసూది మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. వీధిలో కిటికీల దగ్గర నుంచున్నవాళ్ళందరికీ వినబడాలని గట్టిగా చెప్పింది.

"మా అమ్మ. నన్నే."